బ్రౌజర్‌కు టొరెంట్ నేర్పాలా, వద్దా

"మీ ఫైలు పాడైపోయింది. పేజీలో 4 జీబీ అని రాశారు, నాకు 80 కేబీయే దిగింది." మా డౌన్‌లోడ్ పేజీకి వచ్చే మెయిళ్లలో ఈ ఫిర్యాదుకు చావు లేదు.

నేను ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు డౌన్‌లోడ్ సర్వర్ చూసుకుంటాను. జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంది, ఇది సాయంత్రాల పని. కొత్త వెర్షన్ విడుదల చేసినప్పుడల్లా పేజీలో రెండు లింకులు పెడతాం. ఒకటి నేరుగా సర్వర్ నుంచి దించుకునేది, రెండోది టొరెంట్, అంటే అదే ఫైలు దించుకుంటున్న ఇతరుల నుంచి కూడా ముక్కలుగా తెచ్చుకునేది. రెండోది నొక్కినవాళ్లలో కొందరు ఆ చిన్న టొరెంట్ ఫైలునే అసలు ఫైలు అనుకుంటారు. దాన్ని తెరవబోతే ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలని కంప్యూటర్ వాళ్లనే అడుగుతుంది. అక్కడితో ఓపిక అయిపోయి మాకు మెయిల్ రాస్తారు.

వాళ్ల మీద నాకు చిరాకేమీ లేదు. లింకు నొక్కితే పేజీ అన్నా రావాలి, ఫైలన్నా రావాలి. ఫైలు ఎక్కడెక్కడ దొరుకుతుందో రాసిన చీటీ చేతిలో పెట్టి పొమ్మంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఆ చీటీ చదవడం బ్రౌజర్‌కు రాదు, అదీ అసలు సమస్య.

ఇంతకీ ఆ 80 కేబీలో ఏముంటుందో చెబుతాను, ఎందుకంటే నా వాదనంతా దాని మీదే నడుస్తుంది. 4 జీబీ ఫైలును 1 ఎంబీ ముక్కలుగా కోస్తే 4,096 ముక్కలవుతాయి. ఒక్కో ముక్కకు 20 బైట్ల ఎస్‌హెచ్‌ఏ-1 హాష్ ఉంటుంది, అంటే ఆ ముక్కలోని బైట్ల నుంచి లెక్కకట్టిన వేలిముద్ర. గుణించి చూడండి, 81,920 బైట్లు, అంటే సరిగ్గా 80 కేబీ. ఫైలు పేరు, సైజు, ముక్కలు ఎవరి దగ్గరున్నాయో చెప్పే ట్రాకర్ సర్వర్ అడ్రస్ లాంటివి ఇంకాస్త చోటు తీసుకుంటాయి. అంటే ఆ ఫైలులో దాదాపు అంతా హాష్‌లే. ఏ ముక్క ఎవరి దగ్గర నుంచి వచ్చినా సరే, హాష్ సరిపోతే ఉంచుకుంటాం, సరిపోకపోతే పారేసి మళ్లీ అడుగుతాం. పంపినవాడు ఎవడో తెలియక్కర్లేదు, వాణ్ని నమ్మక్కర్లేదు.

బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్ రాసినప్పుడు దాన్ని అందరూ "ఒకరి నుంచి ఒకరు పంచుకోవడం" అన్న కోణంలోనే చూశారు. ఇప్పటికీ అలాగే చూస్తున్నారు. నాకు మాత్రం పంచుకోవడం రెండో సంగతి. ముక్కలవారీగా సరిచూసుకోవడమే అందులో బ్రౌజర్‌కు కావాల్సిన మొదటి వస్తువు.

మా ప్రాజెక్టులో వెబ్ పనంతా చూసే కుర్రాడు ఒకడున్నాడు. మంచి పనివాడు, మొండివాడు. బ్రౌజర్లలోనే టొరెంట్ ఉంటే ఈ మెయిళ్ల బాధ ఉండదు కదా అని నేను అన్నప్పుడు వాడు వెంటనే అందుకున్నాడు. "అక్కా, బ్రౌజర్ ఇప్పటికే ఆపరేటింగ్ సిస్టమంత అయ్యింది. పీడీఎఫ్ చదువుతుంది, పాస్‌వర్డులు దాస్తుంది, వీడియో కాల్ చేస్తుంది. దాని నెత్తిన ఇంకో బరువు పెట్టి ఏం సాధిస్తాం?" అప్పటి నుంచి మేమిద్దరం ఈ విషయం మీద అడపాదడపా కొట్టుకుంటూనే ఉన్నాం. ఇక్కడ రాసేదంతా ఆ కొట్లాటలో తేలిన సరుకే.

ముందు పాత కథ. ఇది కొత్త కోరికేమీ కాదు. ఒపెరా బ్రౌజర్ 2006 జూన్‌లో వచ్చిన 9వ వెర్షన్‌లోనే బిట్‌టొరెంట్‌ను లోపల పెట్టేసింది. నేను అప్పట్లో ఒపెరా వాడేదాన్ని. టొరెంట్ లింకు నొక్కితే అది మామూలు డౌన్‌లోడ్ల పక్కనే, ట్రాన్స్‌ఫర్స్ ప్యానెల్‌లో ఒక వరుసగా వచ్చి కూర్చునేది. అంతే. ఇంకో ప్రోగ్రామ్ లేదు, ఇన్‌స్టాల్ లేదు. టొరెంట్ పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని చూసి నవ్వేవారు, ఎందుకంటే ప్రత్యేక ప్రోగ్రాముల్లో ఉండే సెట్టింగుల్లో చాలావరకు అందులో లేవు. లినక్స్ డిస్క్ ఇమేజ్ ఒకటి దించుకోవడానికి నాకు ఆ సెట్టింగులతో పనే పడలేదు. తర్వాత ఒపెరా సొంత ఇంజిన్ వదిలేసి, గూగుల్ క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీదకు మారింది. 2013లో 15వ వెర్షన్ వచ్చేసరికి టొరెంట్ పోయింది, మెయిల్ కూడా బ్రౌజర్ నుంచి బయటికి పోయింది.

తర్వాత కూడా ప్రయత్నాలు జరిగాయి. టార్చ్ అని క్రోమియం మీద కట్టిన బ్రౌజర్‌లో టొరెంట్ ఉండేది. బిట్‌టొరెంట్ కంపెనీయే 2014 డిసెంబరులో మేల్‌స్ట్రోమ్ అనే బ్రౌజర్ ప్రకటించింది. ఫైళ్లు మాత్రమే కాదు, వెబ్‌సైట్లనే టొరెంట్ల ద్వారా పంచాలని దాని ఆశయం. మరుసటి ఏడాది బీటా వచ్చింది, ఆ తర్వాత చప్పుడు లేదు. బ్రేవ్ బ్రౌజర్ వాళ్లు జావాస్క్రిప్ట్‌లో రాసిన వెబ్‌టొరెంట్‌ను కలుపుకున్నారు, మాగ్నెట్ లింకు (టొరెంట్ ఫైలు బదులు దాని హాష్‌నే లింకులో రాసేది) నొక్కితే ట్యాబ్‌లోనే పని జరిగేది. అదే బ్రేవ్ 2021 జనవరిలో ఐపీఎఫ్ఎస్ అనే ఇంకో పీర్-టు-పీర్ (ఒకరి కంప్యూటర్ నుంచి నేరుగా ఇంకొకరికి పంపే) పద్ధతిని కూడా చేర్చింది, 2024లో తీసేసింది.

మా కుర్రాడికి ఈ జాబితా ఇష్టం. "చూశావా, పెట్టినవాళ్లంతా తీసేశారు" అంటాడు. దానికి వాడు ఫైళ్లు పంపుకునే పాత పద్ధతి ఎఫ్‌టీపీని కూడా జోడిస్తాడు. ఫైర్‌ఫాక్స్ 90, క్రోమ్ 95 రెండూ 2021లోనే ఎఫ్‌టీపీని పూర్తిగా తీసేశాయి. ఎవరూ వాడని కోడ్‌ను మోసుకు తిరగడం దండగ, అందులో భద్రతా లోపం బయటపడితే తలనొప్పి. ఈ మాటలో నిజం ఉంది. బ్రౌజర్ కోడ్‌లో ప్రతి ప్రొటోకాల్‌కూ ఒకడు కాపలా ఉండాలి, ఆ ఒకడి జీతం ఎవరో ఇవ్వాలి.

కానీ ఎవరూ వాడకపోవడం అన్నదాన్ని కొంచెం గట్టిగా చూడాలి. ప్రపంచంలో ఒకటి రెండు శాతం మంది వాడే బ్రౌజర్‌లో పెడితే వెబ్‌సైట్లు దాన్ని నమ్ముకుని లింకులు పెట్టవు. లింకులు లేకపోతే వాడేవాళ్లు ఉండరు. వాడేవాళ్లు లేరని తీసేస్తారు. నేనే ఉదాహరణ. టొరెంట్ లింకును మా పేజీలో పెద్ద బటన్‌గా పెట్టే ధైర్యం నాకు లేదు, వచ్చేవాళ్లలో చాలామంది బ్రౌజర్ దాన్ని తెరవలేదని తెలుసు కాబట్టి.

ఇక పేరు చెడిపోవడం సంగతి. టొరెంట్ అనగానే దొంగ సినిమాలు గుర్తొస్తాయి, దాన్ని కాదనలేను. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, లిబ్రెఆఫీస్ అన్నీ టొరెంట్లు ఇస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012లోనే పది లక్షలకు పైగా అంశాలకు టొరెంట్లు పెట్టింది. అయినా పాత మచ్చ పోలేదు. అమెరికాలో 2007లో కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ తన కస్టమర్ల టొరెంట్ కనెక్షన్లను నకిలీ ప్యాకెట్లు పంపి మధ్యలో తెంచేస్తోందని బయటపడింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ దాన్ని పరీక్షించడానికి వాడింది కాపీరైట్ గొడవ లేని పాత బైబిల్ అనువాదం. అదీ ఆగిపోయింది. ఫైలులో ఏముందన్నది ఎవరూ చూడలేదు, ప్రొటోకాల్ పేరు చూసి కొట్టారు. 2008లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ దాన్ని తప్పుపట్టింది, 2010లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. బ్రౌజర్ తయారుచేసే కంపెనీలో లాయర్ స్థానంలో కూర్చుంటే ఇదంతా చదివి "మనకెందుకొచ్చిన గొడవ" అనే అంటారు. అర్థం చేసుకోగలను.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసేది అప్‌లోడ్. మామూలు డౌన్‌లోడ్‌లో నేను తీసుకుంటాను, అంతే. టొరెంట్‌లో తీసుకుంటూనే ఇస్తాను. ఇవ్వడం అంటే చాలా దేశాల చట్టాల్లో పంపిణీ చేయడం కిందకు రావచ్చు. ఏ ఫైలును ఏ ఐపీ అడ్రస్ తీసుకుంటోందో ఆ గుంపులో ఉన్న ఎవరైనా చూడవచ్చు, చూడటానికే ఆ గుంపులో చేరేవాళ్లూ ఉంటారు. పైగా కొలిచి డబ్బు తీసుకునే కనెక్షన్ మీద అప్‌లోడ్ అంటే జేబుకు చిల్లు. ఇవన్నీ తెలిసి టొరెంట్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకున్న మనిషి వేరు, ఏదో లింకు నొక్కిన మనిషి వేరు. ఆ రెండో మనిషిని మోసం చేసినట్టు కాకూడదు.

దీనికి మంచి పాఠం విండోస్ 10. 2015లో అది వచ్చినప్పుడు హోమ్ ఎడిషన్‌లో సిస్టమ్ అప్‌డేట్లను ఇంటర్నెట్లో ఎవరెవరి కంప్యూటర్లకో పంపే ఏర్పాటు మొదటి నుంచీ ఆన్‌లోనే ఉండేది. ఆలోచనగా చూస్తే తెలివైనదే. కానీ నా లైను వాడుకునే ముందు నన్నొక మాట అడగాలి కదా! ఆ సంగతి తెలిశాక జనం మండిపడ్డారు. నేను కూడా సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని కట్టేశాను, టొరెంట్లను ఇష్టపడే మనిషినై ఉండి కూడా.

అయితే ఇక్కడ మా కుర్రాడి దగ్గర సమాధానం లేని ప్రశ్న ఒకటి ఉంది. పీర్-టు-పీర్ బ్రౌజర్‌లోకి వస్తే ప్రమాదం అంటున్నాం, అది వచ్చి ఎన్నేళ్లయిందో! బ్రౌజర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే వెబ్‌ఆర్‌టీసీ కోడ్‌ను గూగుల్ 2011లో బయటపెట్టింది, 2021 జనవరిలో అది వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ ప్రమాణం కూడా అయ్యింది. బ్రౌజర్‌లో చేసే వీడియో కాల్స్ చాలావరకు దాని మీదే నడుస్తాయి. అందులో డేటా చానల్ అని ఒకటుంది. కెమెరా, మైకు వాడాలంటే బ్రౌజర్ అనుమతి అడుగుతుంది. డేటా చానల్ తెరిచి నా బ్రౌజర్ నుంచి ఇంకొకరి బ్రౌజర్‌కు ముక్కలు పంపడానికి మాత్రం ఏ అనుమతీ అడగదు. నేను తెరిచిన పేజీ కోరుకుంటే ఇప్పుడే నా అప్‌లోడ్‌ను వాడుకోగలదు. పీర్‌ట్యూబ్ లాంటి వీడియో సైట్లు ఈ దారినే చూసేవాళ్ల మధ్య వీడియో ముక్కలను పంచుతాయి. వాళ్లు దాన్ని దాచరు, ఆపేసే సెట్టింగు కూడా ఇస్తారు. అది వాళ్ల మంచితనం, బ్రౌజర్ పెట్టిన నియమం కాదు.

వెబ్‌టొరెంట్ పుట్టింది కూడా ఈ దారిలోనే. పేజీలో నడిచే జావాస్క్రిప్టే టొరెంట్ ప్రోగ్రామ్ అయిపోతుంది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, నేను కూడా మా పేజీలో పెట్టి చూశాను. చిక్కు ఎక్కడంటే, మామూలు టొరెంట్ ప్రోగ్రాములు ఇంటర్నెట్ మూల పద్ధతులైన టీసీపీ మీదో యూడీపీ మీదో నేరుగా మాట్లాడుకుంటాయి. పేజీలో నడిచే కోడ్‌కు ఆ రెండూ అందవు, వెబ్‌ఆర్‌టీసీ మాత్రమే అందుతుంది. కాబట్టి వెబ్‌ఆర్‌టీసీ తెలిసిన పీర్లతోనే (గుంపులోని ఇతర కంప్యూటర్లతోనే) దానికి మాట కలుస్తుంది. ఒకే ఫైలుకు రెండు గుంపులు ఏర్పడతాయి, మధ్యలో రెండు భాషలూ తెలిసిన ప్రోగ్రామ్ ఒకటి కూర్చుంటే తప్ప ఒకదాని ముక్కలు ఇంకోదానికి చేరవు. మా విషయంలో బ్రౌజర్ గుంపులో ఎక్కువసేపు ఒంటరిగా ఉన్నది మా సర్వరే. 4 జీబీ దిగేదాకా ఆ ట్యాబ్ తెరిచి ఉంచాలి, పొరపాటున మూసేస్తే పని ఆగుతుంది. తీసేశాను. పీర్‌ట్యూబ్ వాళ్లు కూడా 2023లో వచ్చిన 6వ వెర్షన్‌లో వెబ్‌టొరెంట్‌ను వదిలేసి, హెచ్ఎల్ఎస్ వీడియో ముక్కలను పంచే పద్ధతి ఒక్కటే ఉంచుకున్నారు.

అంటే ప్రస్తుతం పరిస్థితి ఇలా ఉంది. మీకు తెలియకుండా మీ అప్‌లోడ్ వాడుకోగల పీర్-టు-పీర్ బ్రౌజర్‌లో ఉంది. మీరు తెలిసి, కోరి, ఒక ఫైలు కోసం వాడుకోగల పీర్-టు-పీర్ లేదు. తలకిందులుగా లేదూ?

భద్రత గురించి కూడా మేం చాలాసేపు వాదించుకున్నాం. వేరే ప్రోగ్రామ్ అయితే అది వేరేగా ఉంటుంది, బ్రౌజర్ సురక్షితం అని వాడి వాదం. కానీ వేరే ప్రోగ్రాములు అంత గట్టివేమీ కావు. 2018 జనవరిలో భద్రతా లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరో వాళ్లు ట్రాన్స్‌మిషన్ అనే పేరున్న టొరెంట్ ప్రోగ్రామ్‌లో ఒక లోపం బయటపెట్టారు. ఆ ప్రోగ్రామ్ మన కంప్యూటర్‌లోనే ఒక చిన్న వెబ్ సర్వర్‌లా ఆదేశాలు వింటూ ఉంటుంది. మనం తెరిచిన ఏదో పాడు వెబ్‌సైట్ డీఎన్ఎస్ మాయ చేసి, అంటే తన పేరుకు మన కంప్యూటర్ అడ్రస్‌నే చూపించి, దానికి ఆదేశాలు ఇవ్వగలిగేది. మరుసటి నెలలోనే యూటొరెంట్‌లోనూ ఈ తరహా లోపాలే బయటికి వచ్చాయి. గోడకు అవతల ఉన్నదనుకున్న ప్రోగ్రామ్‌కు గోడలో కన్నం మనమే పెట్టాం, ఎందుకంటే లింకు ఉండేది బ్రౌజర్‌లో, పని జరిగేది బయట. 2016 మార్చిలో అయితే ట్రాన్స్‌మిషన్ సొంత సైట్‌లోనే మ్యాక్ వెర్షన్ బదులు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) కలిపిన కాపీని ఎవరో పెట్టేశారు. టొరెంట్ వాడాలంటే ముందు ఒక ప్రోగ్రామ్ వెతికి దించుకోవాలి, ఆ వెతుకులాటే సగం ప్రమాదం. ప్రకటనలు, అక్కర్లేని టూల్‌బార్లు నింపుకున్న ప్రోగ్రాములే ముందు కనిపిస్తాయి. బ్రౌజర్‌లో అయితే కోడ్‌ను మిగతా కంప్యూటర్ ముట్టుకోనివ్వని సాండ్‌బాక్స్ ఉంది, కొన్ని వారాలకోసారి అప్‌డేట్ దానంతటదే వస్తుంది. తెలియనివాళ్ల దగ్గర నుంచి వచ్చిన బైట్లను జాగ్రత్తగా విప్పడం బ్రౌజర్‌కు పుట్టుకతో అలవాటైన పని.

వెబ్ ప్రమాణాల్లో ఒక వింత కూడా ఉంది. ఏ లింకు రకాలను సైట్లు తమవిగా తీసుకోవచ్చో హెచ్‌టీఎమ్ఎల్ ప్రమాణంలో ఒక జాబితా ఉంటుంది, మెయిల్ రాయడానికి తెరిచే మెయిల్‌టూ లాంటివి అందులో ఉంటాయి. మాగ్నెట్ కూడా ఆ జాబితాలో ఉంది. అంటే ఆ పేరు బ్రౌజర్లకు తెలుసు. తెలిసీ ఇంకెవరికో అప్పగించడం వరకే చేస్తాయి.

ఇప్పుడు సరిచూసుకోవడం దగ్గరకు వస్తాను, ఇక్కడే నాకు పట్టుదల ఎక్కువ.

హెచ్‌టీటీపీఎస్ మనకు భరోసా ఇచ్చేది దారికి. మనం మాట్లాడుతున్న సర్వర్ ఆ పేరు గలదే, మధ్యలో ఎవరూ మార్చలేదు, అంతవరకే. ఫైలు మిర్రర్ (అదే ఫైలు కాపీ ఉంచిన వేరేవాళ్ల సర్వర్) మీద ఉంటే, ఆ మిర్రర్ మీద ఫైలును ఎవరైనా మార్చేస్తే, హెచ్‌టీటీపీఎస్ ఆ మారిన ఫైలునే భద్రంగా తెచ్చి ఇస్తుంది. అందుకే డౌన్‌లోడ్ పేజీల్లో 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ రాసి "సరిచూసుకోండి" అంటాం. ఎవరు సరిచూస్తారు? టెర్మినల్ తెరిచి, కమాండ్ కొట్టి, రెండు పొడుగాటి వరుసలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఎంతమంది? నేను ఈ రంగంలో ఉండి కూడా తొందరలో ఉంటే మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరే అనుకుంటాను. వెబ్ పేజీలో వేరే సర్వర్ నుంచి తెచ్చుకునే స్క్రిప్టుకు పక్కనే హాష్ రాసి, సరిపోకపోతే నడపొద్దని చెప్పే ఏర్పాటు 2016 నుంచే ప్రమాణంలో ఉంది. పది కేబీ స్క్రిప్టుకు ఉన్న ఆ మర్యాద నా 4 జీబీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు లేదు.

2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌ను ఎవరో హ్యాక్ చేశారు. డౌన్‌లోడ్ లింకును మార్చి, వెనకదారి పెట్టిన డిస్క్ ఇమేజ్ వైపు మళ్లించారు. మింట్ వాళ్లు జనానికి చెప్పిన మాటల్లో ఒకటి, టొరెంట్ ద్వారా దించుకున్నవాళ్లకు ఏ ఇబ్బందీ లేదని. నేను ఇది చెప్పగానే మా కుర్రాడు ఊరుకోలేదు. "వాళ్లు టొరెంట్ లింకు ముట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. దాన్ని కూడా మార్చి ఉంటే?" నిజమే. పేజీయే శత్రువు చేతిలో పడితే అందులో రాసిన హాష్ కూడా శత్రువుదే. టొరెంట్ దానికి మందు కాదు, దానికి తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకాలు కావాలి. టొరెంట్ ఆపగలిగేది మిర్రర్‌లో జరిగే మార్పును, దారిలో చెడిన బైట్లను, సగంలో ఆగి మళ్లీ మొదలైనప్పుడు జరిగే అతుకుల పొరపాట్లను. రోజువారీ నాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ చివరిదే. 97 శాతం దగ్గర కనెక్షన్ పోతుంది, బ్రౌజర్ మళ్లీ మొదలుపెడుతుంది, ఒక్కోసారి సున్నా నుంచి. మొత్తం దిగాక ఇన్‌స్టాల్ చేయబోతే ఎక్కడో ఒక ఎంబీ చెడి ఉంటుంది, ఎక్కడో ఎవరికీ తెలియదు. టొరెంట్ అయితే ఆ ఒక్క ముక్కే మళ్లీ తెచ్చుకునేది.

విడుదల రోజు లెక్క కూడా చెప్పాలి. వెయ్యి మంది ఒకేసారి వచ్చి 4 జీబీ ఫైలు అడిగారనుకోండి, 4,000 జీబీ పంపాలి. 1 జీబీపీఎస్ లైను అంచుదాకా నింపినా సెకనుకు 125 ఎంబీ. దాదాపు 9 గంటలు పడుతుంది, అదీ అన్నీ సవ్యంగా జరిగితే. పెద్ద కంపెనీలకు సీడీఎన్ (చాలాచోట్ల కాపీలు ఉంచి పంచే సర్వర్ల వల) ఉంటుంది, వాళ్లకు ఈ బాధ అర్థం కాదు. మాలాంటివాళ్లం ఎవరో దయతో ఇచ్చిన మిర్రర్ల మీద బతుకుతాం. విడుదల రోజు నేను గ్రాఫ్ చూస్తూ కూర్చుంటాను, గీత పైకి వెళ్లి పైకప్పుకు తగిలి అక్కడే అడ్డంగా సాగుతుంది. ఆ సమయంలో ఆ వెయ్యి మందిలో ప్రతి ఒక్కరి దగ్గరా పక్కవాడికి కావాల్సిన ముక్క ఒకటి ఉంటుంది, ఇవ్వడానికి దారి లేదు.

ఇక్కడ టొరెంట్ అభిమానులు నా మీద కోప్పడే మాట ఒకటి చెబుతాను. బ్రౌజర్‌లో టొరెంట్ వస్తే, డౌన్‌లోడ్ పూర్తికాగానే అప్‌లోడ్ ఆగిపోవాలి. సీడింగ్ (దిగాక కూడా ఇతరులకు ఇస్తూ ఉండటం) చేయకుండా పారిపోతారా అంటారు. పారిపోనివ్వండి. పంచుకోవాల్సిన అవసరం ఎక్కువగా ఉండేది గుంపు పెద్దగా ఉన్నప్పుడే, అప్పుడు దించుకుంటున్నంతసేపు ఇచ్చేది సర్వర్‌కు ఎంతో ఊరట. గుంపు పలచబడ్డాక మా సర్వర్ ఒక్కటే అందరికీ సరిపోతుంది. టొరెంట్‌లో మామూలు వెబ్ సర్వర్‌ను కూడా ఒక సీడ్‌గా రాసుకునే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, దాన్ని వెబ్ సీడ్ అంటారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ టొరెంట్లు నడిచేది దాని మీదే. ఏ పీరూ లేకపోతే ముక్కలన్నీ వెబ్ సర్వర్ నుంచే వస్తాయి, హాష్ పరీక్ష మాత్రం మామూలుగానే జరుగుతుంది. సీడర్ లేక చచ్చిపోయిన టొరెంట్ అనే జబ్బు సర్వర్ బతికున్నంతకాలం దీనికి రాదు.

కాబట్టి నాకు కావాల్సింది ఒపెరా 9లో ఉన్నలాంటిదీ కాదు, మేల్‌స్ట్రోమ్ లాంటి విప్లవమూ కాదు. మామూలు డౌన్‌లోడ్ వరుస. లింకులో హాష్ ఉంటుంది, వెబ్ సీడ్ ఉంటుంది. బ్రౌజర్ ముందు సర్వర్ నుంచి మొదలుపెడుతుంది, ప్రతి ముక్కనూ సరిచూస్తుంది. సర్వర్ నత్తనడక నడుస్తుంటే "ఇతరుల నుంచి కూడా తెచ్చుకోనా? మీ ఐపీ అడ్రస్ వాళ్లకు కనిపిస్తుంది, దిగేంతసేపు మీ నుంచి కూడా కొంత వెళుతుంది" అని ఒక్క ప్రశ్న. వద్దంటే వద్దు, ఫైలు సర్వర్ నుంచే వస్తుంది. ప్రైవేట్ విండోలో ఆ ప్రశ్న కూడా వద్దు. డేటా ఆదా మోడ్‌లో ఉంటే అప్‌లోడ్ మాటే ఎత్తొద్దు. మొదలుపెట్టడమే ఎస్‌హెచ్‌ఏ-256 వాడే బిట్‌టొరెంట్ రెండో వెర్షన్‌తో మొదలుపెట్టాలి, ఎందుకంటే వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎస్‌హెచ్‌ఏ-1 హాష్ వచ్చేలా చేయవచ్చని 2017లోనే చేసి చూపించారు. వీడియో కాల్ నడుస్తుంటే తనంతట తాను తగ్గే యూటీపీ పద్ధతి ఎలాగూ బిట్‌టొరెంట్‌లో ఉంది. వెతికే పెట్టె, టొరెంట్ల జాబితా, ఎంత ఇచ్చామో చెప్పే నిష్పత్తి అంకెలు, ఇవేవీ బ్రౌజర్‌లో అక్కర్లేదు. అవి కావాల్సినవాళ్లకు క్యూబిట్‌టొరెంట్, ట్రాన్స్‌మిషన్ ఉన్నాయి, వాళ్లు ఇప్పుడు కూడా హాయిగానే ఉన్నారు.

ఫోన్ల మీద నేను ఇంత కూడా అడగను. ఫోన్‌లో యాప్ వెనక్కి వెళ్లగానే సిస్టమ్ దాని గొంతు నొక్కేస్తుంది, బ్యాటరీ గోల వేరే, మొబైల్ నెట్‌వర్కుల్లో వేలమంది ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటారు కాబట్టి బయటి పీర్లు నేరుగా చేరుకోవడమూ కష్టమే. అక్కడ ముక్కల పరీక్ష ఒక్కటి ఉంటే చాలు.

చిత్రంగా మా ఇద్దరికీ రాజీ కుదిరింది ఈ చోటే. డౌన్‌లోడ్ లింకు పక్కన హాష్ రాస్తే బ్రౌజర్ తానే సరిచూసి, చెడిన ముక్కలను మాత్రమే మళ్లీ తెచ్చే ఏర్పాటుకు వాడు ఒప్పుకున్నాడు. "అది టొరెంట్ కాదు కదా, అది పద్ధతి" అన్నాడు. అప్‌లోడ్ ప్రశ్న వేసే డబ్బాకు మాత్రం ససేమిరా అంటున్నాడు. జనం చదవకుండా "సరే" నొక్కేస్తారట. వాడి భయం తీసిపారేసేది కాదు, నా దగ్గర దానికి గట్టి జవాబు కూడా లేదు. హాష్ పరీక్ష గురించి ఇద్దరం కలిసి ఒక ప్రతిపాదన రాస్తున్నాం. అప్‌లోడ్ గురించిన పేరాను నేను చేర్చడం, వాడు తీసేయడం నడుస్తోంది.